తూకం మీద హారతి

ఆ రోజుల్లో మాదాపూర్‌లో మబ్బులు రెండేసి కనిపించేవి. ఒకటి ఆకాశంలో, ఇంకొకటి అద్దాల భవనాల ఒంటి మీద. మెట్రో దిగి ఆఫీసుకు నడిచే దారిలో నేను పై మబ్బును వదిలేసి అద్దంలోని మబ్బు వెంట పోయేవాణ్ని. భవనం అయిపోగానే అది ఎటు పోయిందా అని టక్కున ఆగేవాణ్ని. వెనక వచ్చే ఉద్యోగులు నా వీపుకు గుద్దుకుని, చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి, నన్ను తిట్టి, మళ్లీ పెట్టుకుని పోయేవారు. ఇప్పుడు అదే దారిన స్కూటరు మీద వెళ్తుంటే సిగ్నలు దీపాలు తప్ప నా కంటికి ఏమీ ఆనవు. కళ్లే పాతబడ్డాయో, మబ్బులే తెలివిమీరాయో తెలియదు.

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, బడిపిల్లలకు వీడియో పాఠాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. కొన్నాళ్లు చూస్తారు, ఆ తర్వాత కెమెరా ముందు ఒక పాఠం చెప్పమంటారు. అది నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే మెడలోని కార్డు తీసి రిసెప్షన్‌లో ఇచ్చి ఇంటికి పోవడమే. నా భయమల్లా మూసాపేటలోని మా పెద్దమ్మ గురించి. ఆమె నడిపే భజన మండలిలోనే నేను పెరిగాను. తాళం వేయడం, పారాయణంలో వంతు చదవడం, చివర్లో హారతి పళ్లెం తిప్పడం చిన్నప్పటి నుంచీ నా పనులు. పెద్దమ్మ ఒక శనివారం భజన ముగియగానే అందరికీ ప్రకటించేసింది. "మా పోరనికి హైటెక్ సిటీల పక్కా నౌకరీ అయింది" అని. ఇంకా పక్కా కాలేదు పెద్దమ్మా అని నేను చెవిలో గొణిగితే, "దేవుని ముంగట అన్న మాట ఉట్టిగ పోతదా? నువ్వేం ఫికర్ చెయ్యకు" అని నా నోట్లో ప్రసాదం కుక్కింది. అంటే ఇక ఈ ఉద్యోగం పోతే నా ఒక్కడి పరువుతో ఆగదు, దేవుడికి కూడా మాట వస్తుంది. (నవ్వకండి, నేను నిజంగానే అలా అనుకున్నాను. ఇప్పటికీ అలాంటి భయాలు నాకున్నాయి.)

పాఠాన్ని పాస్ చేయాల్సింది మా మిల్లీగ్రాం మేడమ్. ఆ పేరు మేం వెనకాల పెట్టుకున్నది. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచేది కాదు గానీ "కొంచెం", "కాస్త", "సుమారుగా" అనే మాటలు వింటే ఆమెకు తలనొప్పి వచ్చేది. టీ తెచ్చే అతను "చక్కెర కొద్దిగా ఏయమంటరా మేడమ్?" అంటే, "కొద్దిగా అంటే ఎంతండీ?" అని అడిగేది. అతను చెంచా చూపించి, ఆ చెంచాను తనే అనుమానంగా చూసుకుంటూ పోయేవాడు.

నాకు ఇచ్చిన పాఠం పదార్థం, దాని కొలత. చోటు ఆక్రమించి, ద్రవ్యరాశి కలిగి ఉన్నదే పదార్థం. అది ఘనంగా ఉన్నా, ద్రవంగా మారినా, వాయువై కంటికి కనిపించకపోయినా పదార్థమే. ఉదాహరణగా కర్పూరం చెబుతానన్నాను. దాన్ని తూచి, వేడినీళ్ల గిన్నె మీద పెట్టి, కరగకుండానే ఆవిరై తగ్గిపోవడం చూపించి, మళ్లీ తూస్తాను. మేడమ్ ఒప్పుకుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది. "కర్పూరానికి మంట తగలకూడదండీ. ఆవిరైతే భౌతిక మార్పు, కాలితే రసాయన మార్పు. రెండూ కలిశాయో, పిల్లలు జన్మలో విడదీయలేరు."

ఆ రోజు పదో అంతస్తులోని స్టూడియోలో మేం ముగ్గురమే. నేను, కుర్చీలో మేడమ్, కెమెరా వెనక కెమెరా అన్న. కెమెరా అన్నది పుప్పాలగూడ. పాతికేళ్ల వయసుకే పెళ్లిళ్ల వీడియోలు తీసీ తీసీ, ఎవరి ముఖం చూసినా పెళ్లికొడుకే అనుకునే మనిషి. "ఏంది తమ్మీ, గట్ల వణుకుతున్నవ్? తాళి నువ్వు కడ్తలేవు గదా. జర నవ్వు" అన్నాడు. నవ్వాను. తూకపు యంత్రం మీద స్టీలు పళ్లెం పెట్టి, సున్నా చేసి, కర్పూరం బిళ్లలు పేర్చి, వచ్చిన అంకె పైకి చదివాను. మేడమ్ తల ఊపింది. ఇక గిన్నె కింద ఉన్న స్పిరిట్ దీపం వెలిగించడమే తరువాయి. పిల్లలూ, ఇప్పుడు నీళ్లను వేడిచేద్దాం అంటూ అగ్గిపుల్ల గీశాను.

అక్కడి దాకా నేను కెమిస్ట్రీ మాస్టారిని. పుల్ల వెలిగాక ఎదురుగా పళ్లెం, పళ్లెంలో కర్పూరం. చెయ్యి ఎటు పోవాలో నన్ను అడగలేదు, దాని అలవాటైన దారిన అది పోయింది. మంట లేచింది. ఆ తెల్లటి పళ్లెంలో ఆ పసుపు వెలుగు చూడగానే స్టూడియో చెరిగిపోయింది, అద్దాలు పోయాయి, పదో అంతస్తు పోయింది. ఎడమచెయ్యి గాల్లో లేని గంటను వాయిస్తోంది, కుడిచెయ్యి పళ్లెం ఎత్తి తిప్పుతోంది. కళ్లు మూసుకుని, ఉద్యోగం నిలబెట్టు స్వామీ అని లోపల మొక్కుకుంటూ, పైకి మంగళహారతి పాడుతున్నాను. (పాట సగం దాకా వచ్చాక గానీ, పోగొట్టుకుంటున్నది ఆ ఉద్యోగమేనని తెలియలేదు.)

కళ్లు తెరిచేసరికి కెమెరా అన్న కెమెరాను దాని మానాన వదిలేసి, చెప్పులు విప్పి, నా ముందు చేతులు చాచి నిలబడి ఉన్నాడు. హారతి కళ్లకద్దుకుని, జేబు తడుముకుని, ఒక రూపాయి బిళ్ల పళ్లెంలో వేశాడు. అతని వెనక మేడమ్ లేచి నిలబడింది. ఆమె చూపు నా మీద లేదు, తూకపు యంత్రం మీద ఉంది. పళ్లెం ఎత్తేశాను కదా, అది మైనస్ చూపిస్తోంది.

"ఏమండీ, ద్రవ్యరాశి సున్నాకన్నా తక్కువ ఉన్న పదార్థాన్ని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నాను" అంది.

భయంతో పళ్లెం మళ్లీ యంత్రం మీద పెట్టాను. రూపాయి బిళ్ల పుణ్యమా అని, మండుతున్న కర్పూరం మొదటికన్నా ఎక్కువ తూగింది. మేడమ్ కళ్లు మూసుకుంది. ఆ క్షణంలోనే కప్పులోని అలారం కూత పెట్టింది.

"ఆర్పండి! ముందు ఆర్పండి!"

"మేడమ్, హారతి నోటితో ఊది ఆర్పకూడదు."

"ఊదమని నేనన్నానా? మూత పెట్టండి!"

"మూత పెట్టినా ఆర్పినట్టే గదా మేడమ్" అన్నాడు కెమెరా అన్న మెల్లగా. "దానంతటదే కొండెక్కాలె."

మేడమ్ మూత కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంట్లో ఆమె మాత్రం ఎన్నడైనా ఊది ఉంటుందా? అలారం మోగుతుంటే మేం ముగ్గురం ఆ పళ్లెం చుట్టూ నిలబడి, మంట ఎప్పుడు కొండెక్కుతుందా అని ఎదురుచూశాం. ఇంతలో తలుపు తోసుకుని, ఎర్ర సిలిండరు ఎత్తిపట్టుకుని సెక్యూరిటీ అన్న దూసుకొచ్చాడు. "ఏడ? ఏడ మంట?" అని అరిచినవాడు పళ్లెం చూసి ఆగిపోయాడు. సిలిండరు కింద పెట్టాడు. బూట్లు విప్పాడు. హారతి కళ్లకద్దుకుని, "ఇయ్యాల ఏం పండుగ సార్?" అన్నాడు. అప్పుడు మేడమ్ కాలిజోళ్లు పక్కకు నెట్టి, తనూ వచ్చి హారతి తీసుకుంది. చివరి బిళ్ల చిన్నగా చిటపటమని ఆరిపోయింది. మెట్ల మీద అన్ని అంతస్తుల వాళ్లూ దిగుతున్న చప్పుడు, వాన పడుతున్నట్టు వినిపించింది.

కింద పచ్చిక మీద ఆ భవనంలోని జనమంతా ఎండలో నిలబడి కాఫీ గురించీ, మీటింగుల గురించీ మాట్లాడుకుంటున్నారు. కొందరి బట్టలకు కర్పూరం వాసన. ఆ వాసనకు నాకు అంత భయంలోనూ ఒక హాయి కలిగింది. మెడలోని కార్డు తీసి మేడమ్‌కు ఇవ్వబోయాను. ఆమె అందుకోలేదు.

"ఆ కర్పూరం ఎక్కడికి పోయిందో చెప్పండి" అంది.

"కాలిపోయింది మేడమ్."

"కాలి ఎటు పోయింది? మీ మండలిలో ఏం చెబుతారు?"

బూడిద కూడా మిగల్చకుండా దేవుడిలో కలిసిపోతుందని చెబుతారన్నాను. ఆ మాట నేను నమ్ముతానన్నాను. ఆ తర్వాత నాకు తెలియకుండానే పాఠం చెప్పుకుపోయాను. కాలితే కర్పూరం కర్పూరంగా ఉండదు, గాలితో కలిసి పొగా, నీటి ఆవిరీ, కంటికి కనిపించని వాయువూ అయిపోతుంది. వాటన్నిటినీ పట్టి తూచగలిగితే ఏమీ పోలేదని తెలుస్తుంది. అదే మూతలేని డబ్బాలో ఉంచితే కాలకుండానే తరిగిపోతుంది, అప్పుడు గాలిలో తిరిగేది కర్పూరమే. పేరు మారదు, రూపమే మారుతుంది.

పక్కనే నిలబడి వింటున్న సెక్యూరిటీ అన్న ముఖం పాలిపోయింది. "అంటే డబ్బాల కర్పూరం ఉత్తగనే తక్కువైతదా సార్? మా ఇంట్ల తరుగుతుంటె, మా ఆమెనే పక్కింటోళ్లకు ఇస్తుందని ఎన్ని మాటలంటినో!"

"పోయి మాఫీ అడుగు అన్నా" అన్నాడు కెమెరా అన్న. "మూత గూడ కొనుక్కపో."

మేడమ్ నవ్వింది. ఆమె నవ్వడం మేమెవరమూ అంతకుముందు చూడలేదు. "రేపు కెమెరా ముందు సరిగ్గా ఇదే చెప్పండి. కార్డు మెడలోనే ఉంచుకోండి. దీపం మాత్రం నేను వెలిగిస్తాను" అంది.

మర్నాటి పాఠం బాగానే వచ్చింది, ఉద్యోగం నిలిచింది. దేవుడికి మాట రాలేదు. ఆ మొదటి రోజు రికార్డింగు కెమెరా అన్న చెరపకుండా నాకు పంపాడు. అప్పుడప్పుడు సెలవు మధ్యాహ్నాల్లో దాన్ని పెట్టుకుని చూస్తాను. బక్కపలచని కుర్రాడు ఒకడు కళ్లు మూసుకుని, లేని గంట వాయిస్తూ, శ్రుతి తప్పి పాడుతుంటాడు. అతని ముందు తూకం మైనస్‌లో మెరుస్తుంటుంది. కళ్లు తెరువు నాయనా, ఉద్యోగం పోతోంది అని చెప్పాలనిపిస్తుంది. మరి నేనో, ఇప్పుడు హారతి ఇచ్చేటప్పుడు ఒక కన్ను తెరిచి బిళ్ల ఇంకా ఎంత మిగిలిందో చూసుకునే రకాన్ని. అందుకే అతన్ని పిలవను. పాట అయ్యేదాకా అలాగే ఉండనిస్తాను.