వాన తరఫున నేను

పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడ టికెట్ల కౌంటర్ వెనక గదిలో ఉన్న సర్వరుని చూసుకోవడం నా ఉద్యోగం. అసలు డేటాబేస్ మా దగ్గర, దాని నకలు చెన్నైలో. ఇక్కడ టికెట్ కొడితే వెంటనే అక్కడా పడాలి. ఆ వానాకాలమంతా ఈ రెంటికీ మధ్య కనెక్షన్ తెగడం, ఎప్పటికో అతుక్కోవడం. చెన్నైలో ఉన్న మా పెద్దసారు తెలుగాయనే. ఆయనది ఒకటే పాట: “మీ వానల వల్లేనమ్మా. ఇలాగైతే అసలు సర్వరే ఇక్కడికి తెప్పించేస్తాను.”

తెప్పించేస్తే లింక్ పోయినప్పుడల్లా మా కౌంటర్ మూతే. ఆస్పత్రి నుంచి హట్‌బే దీవికి తిరిగెళ్లాల్సిన రోగి టికెట్ లేక జెట్టీ మీద పడిగాపులు పడాలి. నాకు ఒళ్లు మండిపోయింది. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకొచ్చి, ఈ వానల్లోనే ఇల్లు కట్టి, పిల్లల్ని పెంచాడు. వానని తిడితే ఊరుకుంటానా?

నిజమే, వాన రోజుల్లోనే ఎక్కువ తెగేది. కానీ ఓసారి మండుటెండలో, సారు ఫోన్‌లో ఉండగానే తెగింది. లైను పరీక్ష చేస్తానని ఆయన ఫోన్ చేస్తే చాలు, మేము మర్యాద కొద్దీ బుకింగ్ ఆపేసి లైను ఖాళీగా ఉంచేవాళ్లం. అదిగో, అక్కడ తట్టింది నాకు. వాన ముదిరితే ఓడ కదలదు. ఆ సంగతి రేడియోలో చెప్పగానే కౌంటర్ ముందు నరమానవుడుండడు. తెగుతున్నది వానకి కాదు, మేం ఖాళీగా ఉన్నందుకు!

మళ్లీ కుండపోత పట్టుకున్న రోజున కౌంటర్ అమ్మాయిని పిలిచాను.

“ఉత్తుత్తి టికెట్టొకటి కొట్టు. రద్దు చెయ్యి. మళ్లీ కొట్టు. ఆపకు.”

“పాగల్ అయిపోనావేటి దీదీ?”

“నే చెప్తన్నాను కదా, కొట్టు!”

సాయంత్రం దాకా రేకుల మీద వాన దబదబా బాదుతూనే ఉంది. కనెక్షన్ ఒక్కసారీ తెగలేదు.

“సార్, ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని మీ వైపు లైనుకి కాపలా ఉన్న ఫైర్‌వాల్ కోసేస్తోందేమో చూడండి” అన్నాను ఫోన్‌లో.

ఆయన చూశారు.

“ఔనమ్మా. ఆ రూలు నేనే పెట్టాను. సరిచేస్తాలే. రిపోర్టులో మాత్రం వాతావరణం అని రాసెయ్. వానేమన్నా వచ్చి నిన్నడుగుతుందా?”

అలా రాస్తే మా సర్వరు చెన్నై ఓడెక్కడం ఖాయం.

“రాయను సార్. వాన అడగదు. దాని తరఫున నేనడుగుతున్నాను.”