యాకోబు కోసిన మొలతాడు

నేను ఏడో తరగతి దాకా మా ఊరి బడిలో చదివినవాణ్ణి. ఆ చదువుతోనే సర్కారు దవాఖానలో వార్డుబాయ్‌గా చేరి, మానసిక రోగుల వార్డుకు హెడ్ అటెండెంటుగా రిటైరయ్యాను. ముగ్గురు సూపరింటెండెంట్లు నాకు శాలువా కప్పారు. కత్తి పట్టుకుని నిలబడ్డ మనిషిని మాటలతో కూర్చోబెట్టి అన్నం తినిపిస్తే, ఆ సంగతి పేపర్లో పడింది. సరూర్‌నగర్‌లో మా కాలనీకి నల్లా నీళ్ళు తెప్పించిందీ నేనే. ఇదంతా ఎందుకంటే, మనుషుల్ని తూచడం నాకు వచ్చు. తూచే చెబుతున్నాను. నేను తర్ఫీదు ఇచ్చినవాళ్ళలో యాకోబు లాంటివాడు మరొకడు లేడు.

అతనిది ఇబ్రహీంపట్నం అవతల ఒక పల్లె. తాపీ పని చేసేవాడు, గుడుంబా తాగేవాడు. భార్య రెబెక్క అతణ్ణి చేతులు కట్టించి, ఎల్.బి. నగర్‌లో తాగుడు మాన్పించే కేంద్రానికి తెచ్చి పడేసింది. మానేశాక అతను ఇంటికి పోలేదు. అక్కడే అటెండెంటుగా ఉండిపోయాడు. ఆదివారం మాత్రం సైదాబాద్‌లో రెబెక్క ఉండే కిరాయి గదికి వెళ్ళి, ఆమెతో ప్రార్థనకు పోయి, పొద్దు గూకకముందే తిరిగొచ్చేవాడు.

"గీ గేటు లోపలుంటెనే నేను మనిషిని సారూ. బయట పడ్డనా, తాగుత," అన్నాడు నాతో. సిగ్గుపడుతూ చెప్పలేదు. జ్వరం వస్తే వస్తుందని చెప్పినట్టు చెప్పాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది, వేసవిలో, కేంద్రం యజమాని దశరథ తన సిబ్బందికి శిక్షణ ఇప్పించాలనుకున్నాడు. 'శిక్షణ పొందిన సిబ్బంది' అని బోర్డు రాయించుకోవాలని అతని తాపత్రయం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే సూర్యప్రభ గారిని పిలిచాడు. వాళ్ళది కోస్తా. ఆవిడ బెంగళూరులో తాగుడు మాన్పించే చదువే చదివింది. చదువు ఆవిడది, అనుభవం నాది. నేను లేకుండా ఆవిడ ఏ శిక్షణకూ ఒప్పుకునేది కాదు.

ఆవిడ చెప్పింది చిన్న సంగతే. తాగేవాళ్ళలో చాలామంది ఎక్కడో దెబ్బ తిన్నవాళ్ళు, అవమానపడ్డవాళ్ళు. మన గుమ్మంలోనూ అదే జరిగితే ఆ పాత దెబ్బే మళ్ళీ తగులుతుంది. అందుకని అడగకుండా ముట్టుకోవద్దు, చెప్పకుండా ఏదీ తీసుకోవద్దు, కట్టేయొద్దు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన జోగారావు అనే అటెండెంటు లేచాడు. "మేడంగారూ, తాగినోడు గోడెక్కి దూకేస్తుంటే, 'తమరికేం కష్టమొచ్చింది బాబూ' అని అడుగుతా కింద నిలబడమంటారా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ కూడా నవ్వేసి, "మాస్టారూ, ఇది మీ పాఠం," అంది నా వైపు చూసి.

నేను జోగారావునే మంచం మీద పడుకోబెట్టి, దుప్పటితో కాళ్ళూ చేతులూ కట్టించి, అందర్నీ బయటికి తీసుకుపోయి తలుపు వేశాను. కాసేపు లోపల్నుంచి జోకులు వినిపించాయి. తర్వాత తిట్లు. తర్వాత, "నీళ్ళు కావాలిరా బాబూ" అన్న ఏడుపు గొంతు. ఎవరూ చెప్పకముందే యాకోబు లోపలికి పోయి కట్లు విప్పాడు.

"నువ్వు కూడ పండుకో యాకోబూ," అన్నాను.

"నాకెర్కే సారూ," అన్నాడు.

శిక్షణ అయ్యాక అతనే ఇన్‌ఛార్జి. కొత్త మనిషి వస్తే నేల మీద కూర్చుని మాట్లాడేవాడు. వచ్చినవాడు కుర్చీలో, తను కింద. దశరథ అతని ఫొటో తీయించి బోర్డు మీద వేయించాడు.

సమ్మె మొదలై బస్సులు ఆగాయి. విజయవాడ రోడ్డు మీద జనం బైఠాయించారు. ఆ జనంలో లింగస్వామి అనే ఆటో డ్రైవరు ఉన్నాడు. పోలీసులు ఎత్తుకుపోయి, ఏదో ఠాణాలో బట్టలు విప్పించి కొట్టారు. విడిచిపెట్టిన నాటి నుంచి రాత్రీ పగలూ లేకుండా తాగాడు. భార్య అండాలమ్మ బతిమాలి బతిమాలి ఒక మధ్యాహ్నం కేంద్రానికి తెచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

యాకోబు పని చూస్తే నా పనిని నేను చూసుకున్నట్టుంది. "అన్నా, అంగి జేబులు సూడాలె, సూడొచ్చా? బెల్టు ఈడ పెడుదమా? మల్ల ఇస్త." వణుకుతున్న మనిషి తల ఊపాడు. వాచీ తానే తీసిచ్చాడు. తలుపు దగ్గర అండాలమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.

కేంద్రంలో ఇంకో నియమం ఉండేది. ఉరేసుకుంటారని మొలతాళ్ళు తీసేయాలి. యాకోబు కత్తెర తీసి, బెల్టు జాగాలో కనిపించిన నల్లదారాన్ని టక్కున కోశాడు. అడగలేదు. అడగాల్సినదని అతనికి తోచలేదు. బాప్తిస్మం తీసుకున్ననాడు తన మొలతాడు తానే సంతోషంగా తెంపి పారేసినవాడు. అతనికది ఉత్త దారం. మా దిక్కు మగవాడి మొలతాడు తెంచేది పెండ్లాం చచ్చిననాడు. మునుపు ఆ కేంద్రంలో నలుగురు పట్టుకుని కోసేవాళ్ళు. ఆ కేకల్లో ఏది కట్టేసినందుకో, ఏది మొలతాడు కోసినందుకో ఎవరికి తెలుసు?

లింగస్వామి తెగిన దారం చూశాడు. "అండాలు సచ్చిందా?" అన్నాడు. ఎదురుగానే ఆమె గుండెలు బాదుకుంటోంది. అతనికి కనిపించడం లేదు. "ఠాణాల ఒంటిమీద నూలుపోగు ఉంచలే. గిదొక్కటే మిగిలె. గిది కూడ గుంజుకుంటివారా!" అని గోడకు తల కొట్టుకున్నాడు.

కట్టేద్దామని జోగారావు తాళ్ళు తెచ్చాడు. యాకోబు అడ్డం నిలబడి, లింగస్వామి తలకూ గోడకూ మధ్య తన అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి వాచిపోయింది. లింగస్వామి కాస్త నెమ్మదించాక నన్ను అతని పక్కన కూర్చోబెట్టి, పరుగున పోయి నల్ల మొలతాడు కొనుక్కొచ్చి, అండాలమ్మ చేతికిచ్చాడు. "అక్కా, నువ్వే కట్టు. నాది తప్పయ్యింది." ఆమె కట్టింది. లింగస్వామి ఆమె చెయ్యి పట్టుకునే నిద్రపోయాడు.

తెల్లారి దశరథకు తెలిసింది. "రేపు గా దారంతోనే ఉరేసుకుంటే? నా సెంటర్ మూతపడ్తది. కోసెయ్."

"నేను ఆయన పక్కకెల్లి లెవ్వ సారూ. దారం మీదనే కన్నువెట్టి కూసుంట."

"నువ్వు కోస్తవా, పోతవా?"

గేటు బయట పడితే ఏమవుతుందో యాకోబుకి తెలుసు, దశరథకి తెలుసు, నాకూ తెలుసు. యాకోబు కత్తెర బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

నా సర్వీసంతా, నా శాలువాలన్నీ ఏకరువు పెట్టాను దశరథ ముందు. "నీ బోర్డు మీద ఏం రాసుకున్నవు, ఏం చేస్తున్నవు?" అని నిలదీశాను.

"బోర్డు బోర్డే పెద్దమనిషీ. పేషెంట్లు బోర్డు సూసి ఒస్తరు. ఆళ్ళ ఇంటోళ్ళు తాళం సూసి పంపుతరు," అన్నాడు.

ఆ పూటే నలుగురు పట్టుకుని లింగస్వామి మొలతాడు కోశారు. అండాలమ్మ మొగుణ్ణి ఆటోలో వేసుకుని వెళ్ళిపోయింది.

యాకోబు కోసం నేనూ సూర్యప్రభ గారూ తిరగని కేంద్రం లేదు. మేము శిక్షణ ఇచ్చి, దండలు వేయించుకున్న చోట్లే అవన్నీ. శిక్షణ గురించి అందరూ పొగిడారు. మాట విననివాణ్ణి మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. సమ్మె ముగిసి బస్సులు తిరిగేనాటికి యాకోబు కల్లు కాంపౌండుకు చేరాడు, అక్కణ్ణించి గుడుంబాకు.

రెబెక్క మా ఇంటికొచ్చింది. "సారూ, మీకు అన్ని సెంటర్లు ఎరికే గదా. గీయన్ని కట్టెయ్యకుండ సూసే సెంటర్ ఒక్కటి సెప్పు. గాడనే ఏస్త."

శిక్షణ ఇచ్చిన చోట్లన్నీ ఒక్కొక్కటే తలచుకున్నాను. కట్టేయని చోటు ఒక్కటీ దొరకలేదు.

"తియ్యి సారూ," అంది రెబెక్క. "ఇంట్లనే పండవెడ్త."