మా అత్త ముట్టని పచ్చిపులుసు

మొన్న బుధవారం తెల్లవారకముందే మా అత్త పోయింది. మెట్‌పల్లి పక్కన మా నేతగాళ్ల వాడలో ఆ పూట ఒక్క మగ్గం ఆడలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆమె చేతులను తలుచుకున్నారు. నాకు మాత్రం ఆమె నోరు గుర్తొస్తోంది. ఆ నోటిని అదుపులో పెట్టుకుంది కాబట్టే ఆ చేతులు చివరిదాకా పనిచేశాయి.

పోలీసు చర్య అయిన మరుసటేడు నేను ఆ ఇంటి కోడలినయ్యాను. మగ్గం మీద ఒక పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే చేర్చి, వేళ్లకు బూడిద అద్దుకుని, మెలిపెట్టి అతకాలి. వందల పోగులుంటాయి. మా అత్త అతికితే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. అది పూర్తయితేనే మా మామ మగ్గం ఆడేది, మా పొయ్యి వెలిగేది.

కొన్నేళ్లకు సరిగ్గా ఆ వేళ్లకే కీళ్లవాతం వచ్చింది. పొద్దున లేచేసరికి రెండు చేతుల కణుపులు వాచి బిగుసుకుపోయేవి. చెంబు ఎత్తలేకపోయేది. పోగు మెలిపెట్టబోతే జారిపోయేది. ఆమె ఏడవగా నేను చూసింది అప్పుడే. కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోతే డాక్టరు మాత్రలిచ్చి, "ఇది పూర్తిగా పోయే రోగం కాదమ్మా. మాత్రలు మానొద్దు. ఏది తింటే నొప్పి ఎక్కువవుతుందో నువ్వే కనిపెట్టుకోవాలి" అన్నాడు.

ఇక చూడాలి మా వాడవాళ్ల వైద్యం! చూడవచ్చిన ప్రతివాళ్లూ ఒక వస్తువు వద్దని చెప్పిపోయేవాళ్లు. ఒకరు వంకాయ, ఒకరు కందిపప్పు, ఒకరు పెరుగు, ఇంకొకరు ఎండుచేపలు. పెద్దల మాట కాదనలేక ఆమె అన్నీ మానేసింది. చివరికి పళ్లెంలో మిగిలింది జొన్న గట్క, ఇంత ఉప్పు. మనిషి పుల్లలా అయిపోయింది. నొప్పి తగ్గిందో, నొప్పి అని చెప్పే ఓపికే తగ్గిందో మాకు తెలియలేదు.

ఒకనాడు పళ్లెం పక్కకు జరిపి అంది: "గిట్లయితే రోగం కంటె ముందు ఆకలే నన్ను తీస్కపోతది. ఒక్కొక్కటి మళ్ల తిని చూస్త. ఏది పడుతదో, ఏది పడదో నా వేళ్లే చెప్తయి."

అన్నట్టే చేసింది. ఒక వస్తువు తిరిగి మొదలుపెడితే, వారం పదిరోజులు ఇంకో కొత్తది ముట్టేది కాదు. మగ్గం గుంజకు రెండు దారపు కొసలు కట్టుకుంది. పొద్దున లేవగానే వాటిని మెలిపెట్టి చూసేది. అతుకు పడితే ఆ వస్తువు గెలిచినట్టు. వంకాయ గెలిచిన పొద్దు నన్ను పిలిచి, "పాపం, దీన్ని ఉత్తగనే బద్నాం చేస్తిమి బిడ్డా" అని నవ్వింది. పప్పు గెలిచింది, ఎండుచేపలు గెలిచాయి. ఆకుకూరలు, నువ్వులపొడి కూడా చేరాక ఒంటికి మళ్లీ కండ పట్టింది.

ఓడిపోయింది పచ్చిపులుసు. ఆమెకు ప్రాణమైనది అదే. ఆశ చావక మళ్లీ మళ్లీ తిని చూసింది. తిన్న మర్నాడు కణుపులు వాచేవి. చింతపండు చెడ్డదని ఆమె ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. "నా ఒంటికి పడది, అంతే" అనేది. పులుసు మానినా కొన్ని చలికాలాలు చేతులు మొరాయించేవి. అప్పుడు మాత్ర వేసుకుని, వేణ్నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చునేది.

ఇంట్లోనే పులుసు చేయడం మానేస్తానంటే నన్ను కసిరింది. "నా పథ్యం నాది. మీ నోర్లెందుకు కట్టెయ్యాలె?" పైగా నేను పులుసు కలిపేటప్పుడు దగ్గరకొచ్చి వాసన చూసేది. "ఇంకింత ఉల్లిగడ్డ పడాలె" అనేది. వేసి చూస్తే సరిగ్గా కుదిరేది. నాకు ఒళ్లు మండేది, ముచ్చటా వేసేది.

మా తమ్ముడి పెళ్లిలో విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది. వడ్డిస్తున్న మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లికి, కోపమొచ్చింది. "మా ఇంటి పులుసు ముట్టవా వదినె?"

"నీ పులుసుకేమైంది, మస్తుగుంటది. నా వేళ్లే మంచియి కావు. రేపు పొద్దుగాల అతుకున్నది. నువ్వచ్చి అతుకుతవా?"

మా అవ్వ నవ్వి గంటె వెనక్కి తీసుకుంది. అప్పటికే వేళ్లు కొద్దిగా వంకర తిరిగాయి, మునుపటి వేగం లేదు. అయినా పోయిన నెల దాకా మా ఇంటి పడుగు ఇంకొకరు అతకలేదు. నేను నోటి దురుసు మనిషిని, ఊరికే ఎవరినీ మెచ్చుకోను. మా అత్త ముందు మాత్రం నా తల దానంతటదే వంగేది.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూడటం మా ఆచారం. గట్క, వంకాయకూర, ఎండుచేపలతో పాటు గిన్నెడు పచ్చిపులుసు కూడా తీసుకుపోయాను. మా ఆడబిడ్డ అడ్డం వచ్చింది.

"అవ్వ ఇన్నేండ్లు నోట్ల పెట్టంది ఇప్పుడు పెడ్తవా వదినె?"

"ఇప్పుడు ఏ కణుపు వాస్తదే?" అన్నాను. దాని కళ్లు నిండాయి. విస్తరి జరిపి తనే చోటిచ్చింది.

కాకి వచ్చి తుమ్మకొమ్మ మీద కూర్చుంది గానీ దిగలేదు. ఎండ ఎక్కింది. ముసలమ్మకు ఏ కోరిక మిగిలిందోనని వెనక గుసగుసలు మొదలయ్యాయి. నేను విస్తరి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

"తిను అత్తమ్మా. రేపు పొద్దుగాల అతుకు లేదు" అన్నాను.

లేచి నాలుగడుగులు వెనక్కి వచ్చానో లేదో కాకి దిగింది. గట్క దాటింది, వంకాయకూర దాటింది. పులుసులో ముక్కు ముంచి, తలెత్తి మింగి, మళ్లీ ముంచింది.