దాటేసిన వాక్యం

ఆసుపత్రి నుంచి వచ్చి చేతులు కడుక్కోగానే పిల్లల డాక్టరమ్మ వంటింటి బల్ల మీదే కంప్యూటర్ తెరుస్తుంది. ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో విరేచనాల పేజీకి ఆమే కాపలా. "విరేచనాలైతే బిడ్డకు నీళ్లు ఆపాలి" అని పనీపాటా లేనివాళ్లెవరో మార్చేసి పోతుంటారు. ఆమె పళ్లు బిగించి "ఆపకూడదు" అని దిద్ది, కింద వైద్యగ్రంథం ఆధారం చేరుస్తుంది. ఎదురుగా బఠాణీలు ఒలుస్తూ తల్లి, "ఏం రాశావో చదవ్వే" అంటుంది. చదువుతుంది. ఆ ఒక్క వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు సవరించుకుని దాటేస్తుంది.

మొన్నామధ్య ఆమె స్నానానికి వెళ్లినప్పుడు తల్లి కళ్లజోడు పెట్టుకుని తెర మీద తనే చదువుకుంది. కూతురు వచ్చేసరికి బఠాణీలు ఒలవకుండా అలాగే ఉన్నాయి.

"నీ తమ్ముడు పోయిన రోజు నీళ్లు నీళ్లని ఒకటే ఏడుపే. ఇస్తే ఇంకా ఎక్కువవుతాయన్నారు అందరూ. నేనే చెంబు దాచేశాను."

"అప్పట్లో ఎవరికీ తెలీదమ్మా."

 ఆనాటి నుంచి తల్లి పేజీ చదవమని అడగడం మానేసింది. కూతురు కంప్యూటర్ తెరవగానే ఒకటే అడుగుతుంది.

"ఆ మాట ఉందా, మళ్లీ తీసేశారా?"