పై నంబరు, కింది నంబరు

మా ఆర్మరర్ సారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున స్నానానికి నీళ్లు తోడుకుంటూ కూలబడ్డారట. దవాఖానకు చేర్చేలోపే అంతా అయిపోయింది. మా బ్యాచ్ వాళ్లు ఫోన్లో పెట్టిన మెసేజ్ చూసి "ఏ సారు?" అని అడిగాను. తెలియక కాదు. ఇంకెవరైనా అయితే బాగుండునని అడిగాను.

ఆర్మరర్ అంటే పోలీసుల తుపాకులు బాగుచేసే మనిషి. వరంగల్‌లో మేము పనిచేసిన ఆయుధాల గదికి ఆయనే పెద్ద. హోదాకు మాత్రం హెడ్ కానిస్టేబులే. పొట్టి మనిషి, కళ్లజోడు దారంతో మెడకు వేలాడేది. గదిలోంచి బయటికొస్తే మూడుసార్లు సబ్బు రుద్ది గానీ చాయ్ గ్లాసు ముట్టేవారు కాదు. మధ్యాహ్నం అందరం కలిసి తిన్నాక టిఫిన్ డబ్బాల మూతలు మారిపోతే ఆయనకు ప్రాణం ఒప్పేది కాదు. వెనక్కి పిలిచి మరీ ఎవరి మూత వాళ్లకు పెట్టించేవారు. "మూత పట్టింది గద సారూ" అని మేము నవ్వేవాళ్లం.

"పట్టుడు పెద్ద ముచ్చట కాదు బిడ్డా. అది దానిదేనా? అది చెప్పు" అనేవారు.

ఆ మాట ఆయన పిస్తోళ్ల దగ్గర నేర్చుకున్నది. పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప భాగం స్లయిడ్. చేత్తో పట్టుకునే కింది భాగం ఫ్రేమ్. రెండింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. ఒకే రకం పిస్తోళ్లయితే ఒకదాని స్లయిడ్ ఇంకోదానికి ఎక్కుతుంది. లాగితే వస్తుంది, వదిలితే టక్కున మూసుకుంటుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు. అందుకే ఆయన గదిలో ఒక కట్టుబాటు ఉండేది: ఒక గుడ్డ మీద ఒకే పిస్తోలు విప్పాలి. అది బిగించి, పై నంబరూ కింది నంబరూ పైకి చదివాకే రెండోది తీయాలి. చిన్నపిల్లల్లాగా ఈ చదువుడేంటని నాకు ఒళ్లు మండేది. నాది ముందునుంచీ తొందర బుద్ధి.

అప్పటికి నేను కొలువులో చేరి ఎనిమిది నెలలు. మా నాన్న డ్యూటీలో చనిపోతే ఆయన బదులు నాకిచ్చిన కొలువు అది. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను.

ఆ ఏడు మేడారం జాతర బందోబస్తుకు ఆయుధాలు సిద్ధం చేస్తున్నాం. భార్య కంటి ఆపరేషన్ ఉండి సారు మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టారు. నేనొక్కదాన్నే మిగిలాను. పని తెమలడం లేదని ఒకే గుడ్డ మీద రెండు పిస్తోళ్లు విప్పాను. అందులో ఒకదాని స్లయిడ్‌కు వెంట్రుకంత పగులు ఉంది. బయటికి ఇవ్వొద్దన్న గుర్తుగా సారు దాని ఫ్రేమ్‌కు ఎర్రదారం కట్టి పెట్టారు. తుడిచాను, బిగించాను, నంబర్లు చదవలేదు. ఎర్రదారం ఉన్నది బీరువాలోకి, లేనిది నా చేతి మీదుగానే బందోబస్తుకు పోయింది.

మర్నాడు పొద్దున సారు వచ్చీ రాగానే బీరువా తీసి, అలవాటు ప్రకారం ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టారు. ఎర్రదారం పిస్తోలు దగ్గర ఆగిపోయారు.

"పైన ఒకటుంది, కింద ఒకటుంది. బిడ్డా, దీని స్లయిడ్ ఏది?"

నిన్న ఒకే గుడ్డ మీద రెండు విప్పానని చెప్పాను. పగిలిన స్లయిడ్ జాతరలో ఒక కానిస్టేబుల్ నడుముకు ఉంది. అతను దాన్ని పేల్చాల్సి వస్తే, ఆ పగులు విచ్చుకుంటే, ఇనుప ముక్క అతని మొహానికే వస్తుంది. ఫోన్ చేస్తే కలవడం లేదు. సారు ఒక్క తిట్టు తిట్టలేదు. పై అధికారితో రెండు మాటలు మాట్లాడి, ఎర్రదారం పిస్తోలు తీసుకుని, బండి తీశారు. "ఎక్కు" అన్నారు.

ములుగు దాటాక బండ్లు, బస్సులు, నెత్తిన బెల్లం ముద్దలతో జనం. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. "ఏడుపు తర్వాత. ఆ పోరని మొఖం యాదికి తెచ్చుకో, దేవులాడాలె" అన్నారు. పొద్దు వాలుతుండగా అమ్మవార్ల గద్దెల దారిలో దొరికాడు. గుడారం వెనక్కి తీసుకుపోయి, ముందు గుండ్లు తీయించారు. నా కర్చీఫ్ ఒకటి, ఆయనది ఒకటి నేల మీద పక్కపక్కన పరిచారు. అంత హడావుడిలోనూ ఒక గుడ్డ మీద ఒకటే.

"మంచిగనే ఉన్నది గద సార్. మస్తు నడుస్తాంది" అన్నాడు ఆ అబ్బాయి.

"నడుస్తది. నీ కన్ను పోయేదాంక నడుస్తది" అన్నారు సారు. స్లయిడ్లు మార్చి, పై నంబరు, కింది నంబరు పైకి చదివారు. నన్నూ చదవమన్నారు. చదివాను.

తిరిగొచ్చాక రిపోర్టు రాయాలి కదా. సెలవుకు పోయేముందు ఆ రెండూ తానే విప్పి బిగించానని రాశారు సారు. నంబరు తప్పితే ఊరుకోని మనిషి, తెలిసి తెలిసి అబద్ధం రాశారు. నేను వద్దంటే విసుక్కున్నారు.

"నీది ప్రొబేషన్. ఒక్క మెమో చాలు ఇంటికి తోలనీకి. నాకేమైతది? జర గమ్మునుండు. పనిమీద మనసు పెట్టు."

గమ్మునున్నాను. ఆయనకు రావాల్సిన ఏఎస్సై ప్రమోషన్ ఆగిపోయింది. రెండేళ్లకు హెడ్ కానిస్టేబుల్‌గానే కొలువు దిగిపోయారు. దిగిన రోజున "ఇప్పుడైనా చెప్పేస్తా సారూ" అన్నాను. "పోరగాండ్లకు నేర్పు. నాకదే చాలు" అన్నారు. ఆ మాట చాటున నేను హాయిగా దాక్కున్నాను. సిగ్గులేనిదాన్ని.

పదకొండో రోజున వాళ్లింటికి పోయాను. వచ్చినవాళ్లలో ఎవరో "మంచి మనిషి, పాపం ప్రమోషనే రాలే" అన్నారు. సారు కొడుకు కిందికి చూస్తూ, "డ్యూటీల తప్పు చేసిండు గద, యాడికెళ్లి వస్తది. మా అమ్మ ఆపరేషన్ ఫికర్ల వడి చేసిండు" అన్నాడు. అతను అన్నేళ్లూ అట్లాగే అనుకున్నాడు. ఆయన భార్య అయితే తన కంటి వల్లే ఆ తప్పు జరిగిందని మనసులో మోస్తూ వచ్చిందట.

ఇంక నా వల్ల కాలేదు. లేచి, అందరి ముందూ చెప్పేశాను. రెండు పిస్తోళ్లు, ఒక గుడ్డ, ఎర్రదారం, రిపోర్టు, అన్నీ.

"ఇన్నేండ్లు ఎట్ల దాచిపెట్టినవక్కా?" అన్నాడు కొడుకు. "మా బాపును నేను ఎన్ని మాటలన్ననో తెలుసా నీకు?"

మన్నించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. అతను లేచి, తండ్రి ఫోటో ముందుకు పోయి, గోడకు ఆనకుండా నిటారుగా కూర్చున్నాడు. "బాపూ" అన్నాడు ఒక్కసారి. అంతే.

ఫోటో ముందు దీపం గాలికి రెపరెపలాడుతుంటే సారు భార్య పోయి ఫ్యాను ఆపేసి, నా పక్కన వచ్చి కూర్చుంది. ఆ ఉక్కపోతలో ఎవరం కదల్లేదు. దీపం నిటారుగా నిలబడి వెలిగింది.