ఇరవై మూడో రోజు వంట

వాడపల్లి దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సుమిత్ర పదకొండేళ్లుగా వంట చేస్తోంది. ఎవరేం అడిగినా కాదనడం ఆమెకు రాదు. తమను పర్మనెంట్ చేయాలని కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, క్యాంటీన్ ఆడవాళ్లతో పాటు తనూ గేటు ముందు టెంటులో కూర్చుంది. అదీ కాదనలేకే.

ఇరవై మూడో రోజు పొద్దున సూపర్‌వైజర్ శ్రీకాంత్ ఇంటికి వచ్చాడు. "సెక్యూరిటోళ్లు నలభై మంది ఉపాసముంటున్నరమ్మా. ఒక్క పూట వండిపో," అన్నాడు. సుమిత్ర టెంటు ముందు నుంచే గేటు దాటి వెళ్లి పప్పూ అన్నం వండి వచ్చింది. మర్నాడు మళ్లీ టెంటుకు వెళ్లింది. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. ఆమెతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

సమ్మె నలభై ఒక్క రోజులకు ముగిసింది. ఎవరూ పర్మనెంట్ కాలేదు. అందరికీ కొత్త బూట్లు ఇచ్చారు. "ఉప్పు", "జరుగు", "పొయ్యి ఆర్పు": తర్వాత ఎనిమిది నెలల్లో క్యాంటీన్‌లో సుమిత్రకు వినబడ్డ మాటలివే. మైకు పట్టి సమ్మె నడిపిన తార అవి కూడా అనేది కాదు. గరిటెతో చూపించేది.

సుమిత్ర రెండు వందల మందికి వండి, తను తినలేక ఇంటికి పోయేది. తొమ్మిది కిలోలు తగ్గింది. గుండె దడ పట్టుకుంది. మిర్యాలగూడలో డాక్టరు రెండుసార్లు ఈసీజీ తీశాడు.

"గుండె మంచిగుందమ్మా."

"మరి గిట్ల కొట్టుకుంటదేంది సారూ?"

"కొట్టుకోవాలె గద," అంటూ ఆయన సూర్యాపేటలోని మానసిక వైద్యుడికి చీటీ రాశాడు.

ఆ ఆస్పత్రిలో బెంచీ మీద తార కూర్చుని ఉంది. వేరే బెంచీ లేదు. సుమిత్ర పక్కనే కూర్చుంది. చాలాసేపటికి తారే నోరు విప్పింది.

"మూడు నెలల సంది మందులు వాడుతున్న. కండ్లు మూస్తే గేటే కనబడుతది. ఎవరు లోపలికి పోతుండ్రో అని కావలి కాస్తనే ఉంట."

"నేను పోతున్ననా?"

"దినాం పోతున్నవ్ అక్కా."

సుమిత్ర కాస్త ఆలోచించింది. "ఒక్కదినమే పోయిన గదనే."

"సమ్మె నీ వల్ల ఓడలే. నాకెరుకే. ఎవలనన్న అనాలె గద," అంది తార.

డాక్టరు సుమిత్రకూ గోలీలు రాశాడు. ఇద్దరూ బస్సులో పక్కపక్కనే కూర్చుని తిరిగి వచ్చారు. దిగే ముందు తార, "క్యాంటీన్ల మాత్రం పలకరియ్యకు. వాళ్లు నన్ను బతకనియ్యరు," అంది. సుమిత్ర తలూపింది.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. నెలకోసారి డాక్టరు దగ్గరికి పోయొచ్చే బస్సులో మాటలు, మిగతా రోజులు గరిటె. ఐదో నెలలో ఒక పొద్దున సుమిత్ర బియ్యం కడుగుతూ కళ్లు తిరిగి కూలబడింది. తార పరుగున వచ్చి నీళ్లు తాపి, అందరి ముందే, "అక్కా, ఏం తినకుండ గోలీ ఏసుకున్నవా?" అంది.

ఏం గోలీ అని ఆడవాళ్లు అడిగారు. తార చెప్పింది. తను వేసుకునే గోలీ సంగతీ చెప్పింది. గిన్నెలు తోమే సుందరమ్మ చేతులు తుడుచుకుంటూ, "ఆ డాక్టరు ఏ వారం కూసుంటడు?" అని అడిగింది.

ఇప్పుడు ముగ్గురూ కలిసి వెళ్తున్నారు. సుమిత్ర మధ్యాహ్నం అన్నం తింటోంది. దడ అప్పుడప్పుడూ వస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమెతో ఇప్పటికీ మాట్లాడరు. పర్మనెంట్ సంగతి కోర్టులో ఉంది.