గులాబీల దండ, చివరి గుర్రం

అమెరికాలో కెంటకీ డెర్బీ గుర్రప్పందేనికి ఆడవాళ్లు పెద్ద పెద్ద టోపీలతో రావడం ఆనవాయితీ. నా పక్క సీటులోని అమెరికన్ బామ్మగారి టోపీ పళ్లెమంత ఉంది. నా జడలోని మల్లెలు చూసి, "ఓహో, నీ టోపీ ఇదన్నమాట!" అని నవ్వారు.

పందెం మొదలయ్యే ముందు ఆవిడ కళ్లు మూసుకున్నారు.

"ఏ గుర్రం గెలవాలని మొక్కుకున్నారండీ?" అని అడిగాను.

"గెలుపు సంగతి నాకెందుకు, హనీ? ఏ ఒక్కటీ కాలు విరగ్గొట్టుకోకుండా వస్తే చాలు. ఏటా ఇదే అడుగుతాను."

నేనూ చేతులు జోడించాను.

రెండు నిమిషాల్లో అందరూ గెలిచిన గుర్రాన్ని చూసి కేకలేస్తుంటే, మేమిద్దరం చివరిదాని కోసం మెడలు చాచాం. అది క్షేమంగా గీత దాటగానే ఆవిడ టోపీ తీసి ఊపారు.

గెలిచిన గుర్రానికి వేసే గులాబీల దండ ఒక్కదాని మెడలోనే పడింది. మేమడిగిన వరం మాత్రం, స్వామి దయవల్ల, అన్నిటికీ దక్కింది.